చీనీ ధరల బోర్డు కట్టేద్దాం: ఎలిక్సిర్, ఫీనిక్స్‌లతో మొదటి నుంచి సర్వర్ దాకా

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ (బత్తాయి) టన్ను లెక్కన పలుకుతుంది. కర్నూలులో ఉల్లి, ఆదోనిలో పత్తి, కడపలో పసుపు క్వింటాలు లెక్కన. పంట ఏదైనా రైతు అడిగేవి మూడే: గరిష్ఠం ఎంత, కనిష్ఠం ఎంత, సరాసరి ఎంత. యార్డులో ఒకరు ఈ మూడు అంకెలు ఫోన్లో కొట్టగానే, నార్పలలోనో తాడిపత్రిలోనో అదే పేజీ తెరిచి పెట్టుకున్న రైతుకు రిఫ్రెష్ నొక్కకుండానే ధర మారిపోవాలి. ఈ మార్గదర్శిలో కట్టబోయేది ఆ బోర్డే.

పీహెచ్‌పీలో కట్టొచ్చు, జావాస్క్రిప్ట్‌లో కట్టొచ్చు. నేను ఎలిక్సిర్ పట్టుకోమంటాను. స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ 1986లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ అనే భాష మొదలుపెట్టారు. ఒక కాల్ తెగినా మిగతా కాల్స్ తెగకూడదు, ఎక్స్ఛేంజీని ఆపకుండానే మరమ్మతు చేయగలగాలి. ఆ అవసరంలోంచి పుట్టిన భాష అది. 1998లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. బ్రెజిల్‌కు చెందిన జోసే వాలిమ్ అదే ఎర్లాంగ్ యంత్రం (వర్చువల్ మెషీన్) మీద, చదవడానికి హాయిగా ఉండే కొత్త భాషగా ఎలిక్సిర్‌ను తయారుచేశారు. దాని 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. ఎర్లాంగ్ సత్తా ఏమిటంటే, 2012లోనే వాట్సాప్ ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు ఒకేసారి నిలబెట్టింది. మన బోర్డుకు అంత అక్కర్లేదు. కానీ ఎందరో ఒకే పేజీని పట్టుకుని ఉండటం, సిగ్నల్ పోతూ వస్తూ ఉండటం అనే రెండూ మన సమస్యలే, ఈ భాష పుట్టింది వాటి కోసమే.

ఉద్యోగం సంగతి ముందే చెప్పాలి. జావాకు, పైథాన్‌కు ఉన్నన్ని ఉద్యోగాలు ఎలిక్సిర్‌కు లేవు. క్యాంపస్ ఇంటర్వ్యూ కోసం నేర్చుకునేవాళ్లు దీన్ని రెండో భాషగా పెట్టుకోండి. ఇంకో సంగతి, అరుదైన భాషలో ఇరుక్కుంటే వెతికిన వెంటనే వంద జవాబులు దొరకవు. దొరికినా సగం పాత వెర్షన్లవి. అందుకే ఇక్కడ మీ గురువు భాషతో పాటు వచ్చే పనిముట్లే. ఐఈఎక్స్ (కోడ్ కొట్టగానే జవాబిచ్చే ప్రాంప్ట్), మిక్స్ (ప్రాజెక్టు పనులు చేసిపెట్టేది), టెస్టులు మీ చేతికి అలవాటయ్యేదాకా ఎలిక్సిర్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఫీనిక్స్ ముట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. వెబ్‌తో మొదలుపెట్టినవాళ్లు జనరేటర్ రాసిచ్చిన కోడ్‌ను అర్థం కాకుండానే దిద్దుతూ విసిగిపోతారు.

పైథాన్, సీ, జావాస్క్రిప్ట్‌లలో ఏదో ఒకటి కొంచెం వచ్చినా ఇది చదవొచ్చు. ఆదేశాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ‘ఈనమ్’, ‘స్ట్రింగ్’, ‘ప్రాసెస్’ లాంటి మాడ్యూల్ పేర్లకు మాత్రం మొదటి అక్షరం పెద్దది, ‘మిక్స్_ఎన్వ్’, ‘పీహెచ్ఎక్స్_హోస్ట్’, ‘డేటాబేస్_పాత్’ పూర్తిగా పెద్ద అక్షరాలు.

ఇన్‌స్టాల్ చేయడం

ఎలిక్సిర్ ఒక్కటే దించితే సరిపోదు. కింద ఎర్లాంగ్ ఉండాలి. దాని లైబ్రరీలతో కలిపి వచ్చే కట్టను ఓటీపీ అంటారు. ఈ రెండింటి వెర్షన్లూ పొసగాలి. ఎలిక్సిర్ 1.18కి ఓటీపీ 25 నుంచి 27 వరకు సరిపోతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు తగిలే మొదటి రాయి ఇదే కాబట్టి, దించే ముందు ఎలిక్సిర్ వెర్షన్ పక్కన ఏ ఓటీపీ రాసి ఉందో చూసుకోండి.

విండోస్‌లో ముందు ఎర్లాంగ్ ఇన్‌స్టాలర్, తర్వాత ఎలిక్సిర్ ఇన్‌స్టాలర్ నడపండి. పవర్‌షెల్‌లో ‘ఐఈఎక్స్’ అని కొడితే ఎలిక్సిర్ తెరుచుకోదు, ఎందుకంటే పవర్‌షెల్‌లో అదే పేరుతో వేరే ఆదేశం ఉంది. ‘ఐఈఎక్స్ డాట్ బ్యాట్’ అని కొట్టాలి. ముందుముందు సర్వర్ పనికి లినక్స్ ఎలాగూ కావాలి, కాబట్టి విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుని అందులో ఉబుంటు నడపడం ఇంకా మంచిది.

ఉబుంటులో ‘ఆప్ట్’ ఇచ్చే ఎలిక్సిర్ చాలాసార్లు పాతది. ఏఎస్‌డీఎఫ్ గానీ మీజ్ గానీ పెట్టుకుని వాటితో రెండూ దించండి. ఇవి ప్రాజెక్టు ఫోల్డరును బట్టి వెర్షన్ మారుస్తాయి. ఎర్లాంగ్‌ను ఇవి సోర్స్ నుంచి కట్టే పక్షంలో కంపైలర్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ఎన్‌కర్సెస్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ముందే ఉండాలి, పని కూడా నిదానంగా సాగుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టి మొదలుపెట్టండి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. డాక్యుమెంటేషన్ మొత్తం ల్యాప్‌టాప్‌లోకి దించుకోవచ్చు. ముందు ‘మిక్స్ లోకల్ డాట్ హెక్స్’ కొట్టి, ప్యాకేజీలు తెచ్చే హెక్స్‌ను పెట్టుకోండి. ‘మిక్స్ హెక్స్ డాట్ డాక్స్ ఫెచ్’ పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే దాని డాక్స్ దిగుతాయి. తర్వాత ‘ఫెచ్’ బదులు ‘ఆఫ్‌లైన్’ అంటే నెట్ లేకుండానే బ్రౌజర్లో తెరుచుకుంటాయి. ఫీనిక్స్, లైవ్‌వ్యూ (పేజీని రిఫ్రెష్ లేకుండా మార్చేది), ఎక్టో (డేటాబేస్‌తో మాట్లాడేది), ఈ మూడింటి డాక్స్ మంచి సిగ్నల్ ఉన్నచోటే దించి పెట్టుకోండి. కరెంటు పోయి రౌటర్ ఆగిన సాయంత్రాలు కూడా పని ఆగదు.

ఐఈఎక్స్: ఇక్కడే ఎక్కువసేపు ఉండండి

టర్మినల్‌లో ‘ఐఈఎక్స్’ కొట్టగానే ఒక ప్రాంప్ట్ వస్తుంది. ఏం రాసినా వెంటనే జవాబిస్తుంది. బయటికి రావడానికి కంట్రోల్, సీ రెండుసార్లు. కొటేషన్ మూయడం మరిచి, ఎన్నిసార్లు ఎంటర్ కొట్టినా కదలకపోతే, హ్యాష్ గుర్తు వేసి ‘ఐఈఎక్స్ కోలన్ బ్రేక్’ అని ఖాళీ లేకుండా రాసి ఎంటర్ కొట్టండి, ప్రాంప్ట్ తిరిగి వస్తుంది.

‘హెచ్’ అనే చిన్న ఫంక్షన్‌కు ఏ ఫంక్షన్ పేరిచ్చినా దాని వివరణ, ఉదాహరణలు అక్కడే చూపిస్తుంది. ‘ఐ’ ఒక విలువను పట్టుకుని అది ఏ రకమో, లోపల ఏముందో చెబుతుంది. పేరు సగం రాసి ట్యాబ్ నొక్కితే మిగతా ఫంక్షన్లన్నీ వరుసగా వస్తాయి. ‘ఈనమ్’ అని రాసి చుక్క పెట్టి ట్యాబ్ నొక్కండి. జాబితాలతో చేసే పనులన్నీ కనిపిస్తాయి. రోజుకు నాలుగైదు ఫంక్షన్లు ‘హెచ్’తో చదివి, అక్కడే చేసి చూడటం కన్నా మంచి పాఠం నాకు కనపడలేదు.

ఇక్కడ నేర్చుకోవాల్సిన మొదటి విషయం ప్యాటర్న్ మ్యాచింగ్. ఎలిక్సిర్‌లో సమాన గుర్తుకు పని కేవలం విలువ దాచడం కాదు, ఎడమ పక్క ఆకారం కుడి పక్క ఆకారంతో సరిపోయిందా అని చూడటం కూడా. చాలా ఫంక్షన్లు ‘ఓకే’తో పాటు ఫలితాన్నో, ‘ఎర్రర్’తో పాటు కారణాన్నో జతగా ఇస్తాయి. ఆ జతను విడదీసి పట్టుకోవడం వచ్చిన రోజు సగం భాష వచ్చినట్టే.

ఫంక్షన్లను కూడా ఇలాగే రాస్తాం. మన యార్డులకే అన్వయించి చూడండి. చీనీ ధర టన్నుకు, పసుపు ధర క్వింటాలుకు వస్తుంది. రెండింటినీ ఒకే పట్టికలో పోల్చాలంటే క్వింటాలు ధరలోకి మార్చాలి. ఇఫ్, ఎల్స్ అక్కర్లేదు. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాస్తాం. మొదటిది యూనిట్ టన్ను అయిన మ్యాప్‌నే (పైథాన్ డిక్షనరీ లాంటిది) తీసుకుని ధరను 10తో భాగిస్తుంది. రెండోది యూనిట్ క్వింటాలు అయినదాన్ని తీసుకుని ధరను ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. ఎవరైనా ‘బస్తా’ అని పంపితే ఏ ఆకారమూ సరిపోక అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. తప్పు లెక్క చూపించడం కన్నా ఇదే మేలు. ఒక జాగ్రత్త: ఎలిక్సిర్‌లో భాగహారం గీత ఎప్పుడూ దశాంశ సంఖ్యనే ఇస్తుంది. పూర్ణ సంఖ్య కావాలంటే ‘డివ్’ వాడాలి. డబ్బు లెక్కల్లో ఇలాంటి దశాంశ సంఖ్యలను (ఫ్లోట్‌లను) దగ్గరికి రానీయకండి. రూపాయలను పూర్ణ సంఖ్యలుగానే దాచండి.

రెండోది పైప్. నిలువు గీత పక్కన ‘గ్రేటర్ దేన్’ గుర్తు. ఎడమ పక్క ఫలితాన్ని కుడి పక్క ఫంక్షన్‌కు మొదటి ఇన్‌పుట్‌గా ఇస్తుంది. పైప్ మధ్యలో ఏం జరుగుతుందో చూడాలంటే చివర ‘డీబీజీ’ తగిలించండి. ప్రతి మెట్టు దగ్గర విలువ ఎలా మారిందో వరుసగా అచ్చేస్తుంది. ఇది 1.14 వెర్షన్‌తో వచ్చింది.

మూడోది ప్రాసెస్. ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌లు కావు, ఎర్లాంగ్ యంత్రం లోపలివి. ఒక్కొక్కటి రెండు మూడు కిలోబైట్ల మెమరీతో పుడుతుంది, దేని డేటా దానిదే. ఒకదానితో ఒకటి మెసేజ్‌లు పంపుకుంటాయి తప్ప ఒకదాని మెమరీలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. ‘స్పాన్’తో ఒకటి పుట్టించి, ‘సెండ్’తో మెసేజ్ పంపి, ‘రిసీవ్’తో అందుకోవడం ఐఈఎక్స్‌లోనే చేసి చూడండి. లైవ్‌వ్యూ మొత్తం ఈ మూడింటి మీదే నడుస్తుంది. ఇది ఇక్కడే అర్థమైతే అక్కడ కొత్తగా నేర్చుకునేది కొంచెమే.

మిక్స్‌తో మొదటి మాడ్యూల్

మిక్స్ అనేది ప్రాజెక్టు పుట్టించడం, కంపైల్ చేయడం, ప్యాకేజీలు తేవడం, టెస్టులు నడపడం అన్నీ చేసే ఒకే పనిముట్టు. ‘మిక్స్ న్యూ’ అని, పక్కన ప్రాజెక్టు పేరు ఇవ్వండి. ‘లిబ్’, ‘టెస్ట్’ ఫోల్డర్లతో ప్రాజెక్టు తయారవుతుంది. ‘ఐఈఎక్స్ హైఫన్ పెద్ద ఎస్ మిక్స్’ అంటే మీ కోడ్ లోడ్ అయిన ఐఈఎక్స్ వస్తుంది. ఫైలు మార్చాక ‘రీకంపైల్’ అంటే చాలు, మూసి తెరవక్కర్లేదు.

మొదటి పనిగా ధరను మన పద్ధతిలో కామాలతో రాసే ఫంక్షన్ చేయండి. లక్షను 1,00,000 అని రాస్తాం, మూడేసి అంకెలకు కాదు. చివరి మూడు అంకెలు ఒక ముక్క, మిగతావి రెండేసి ముక్కలు. వెయ్యి లోపు సంఖ్యకు ఒక ఫంక్షన్: ఉన్నది ఉన్నట్టు స్ట్రింగ్‌గా మార్చడం. పైదానికి ఇంకొకటి: ‘రెమ్’తో వెయ్యి మీద శేషం తీసి, ‘డివ్’తో మిగిలినదాన్ని సహాయక ఫంక్షన్‌కు ఇవ్వడం. ఆ సహాయకుడు వంద లోపు అయితే ఆగిపోతాడు, లేకపోతే వంద మీద శేషం తీసి తనను తానే మళ్లీ పిలుచుకుంటాడు.

ఇప్పుడు టెస్టు రాయండి. 999కి 999, 24500కి 24,500, 12345678కి 1,23,45,678 రావాలి. ఇంకొకటి తప్పకుండా పెట్టండి: 100005కి 1,00,005. శేషాల ముందు సున్నాలు పెట్టకపోతే 1,0,5 అని వస్తుంది. ‘స్ట్రింగ్ డాట్ ప్యాడ్_లీడింగ్’ వాడితే ఆ సున్నాలు పడతాయి. ‘మిక్స్ టెస్ట్’ అంటే అన్నీ నడుస్తాయి. ఫైలు పేరు, కోలన్, లైను నంబరు ఇస్తే ఆ ఒక్కటే నడుస్తుంది. ‘హైఫన్ హైఫన్ స్టేల్’ ఇస్తే మీరు మార్చిన కోడ్‌కు సంబంధించినవే నడుస్తాయి.

డాక్‌టెస్ట్ అనే సదుపాయం నాకు ఈ భాషలో చాలా ఇష్టం. ఫంక్షన్ పైన వివరణలో ఐఈఎక్స్ ప్రాంప్ట్‌తో ఉదాహరణ రాస్తే, టెస్టులు నడిచేటప్పుడు ఆ ఉదాహరణ కూడా నడుస్తుంది. కోడ్ మారి వివరణ పాతదైపోతే టెస్టు పడిపోయి చెబుతుంది.

కోడ్‌ను ఒకే తీరులో సర్దే ‘మిక్స్ ఫార్మాట్’ను సేవ్ చేసినప్పుడల్లా నడిచేలా పెట్టుకోండి. క్రెడో అనే ప్యాకేజీ రాత తీరును చూసి సలహాలిస్తుంది. టైపుల తప్పులు పట్టే డయలైజర్ ఉంది గానీ, మొదటిసారి నడవడానికి సమయం, మెమరీ రెండూ గట్టిగా తీసుకుంటుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 1.18 నుంచి కంపైలరే ఫంక్షన్ కాల్స్‌లో టైపు తప్పులు కొన్ని పట్టి హెచ్చరిస్తోంది. నేర్చుకునేవాళ్లకు ఇప్పటికి అది చాలు. హెచ్చరిక ఒక్కటి కూడా వదలకుండా చదివి సరిచేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఎడిటర్‌గా వీఎస్ కోడ్, అందులో ఎలిక్సిర్ ఎల్ఎస్ ఎక్స్‌టెన్షన్ చాలు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ అయితే ఆ ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో డయలైజర్‌ను ఆపేయండి, లేకపోతే ఎడిటర్ మొరాయిస్తుంది.

తెలుగు అక్షరాలు, బైట్లు

ఎలిక్సిర్ స్ట్రింగులన్నీ యూటీఎఫ్-8. యూనికోడ్ ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఇచ్చే సంఖ్యను కోడ్‌పాయింట్ అంటారు. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కు మూడు బైట్లు. ‘కడప’ పొడవు ‘స్ట్రింగ్ డాట్ లెంగ్త్’ అడిగితే 3, ‘బైట్_సైజ్’ అడిగితే 9. ‘అనంతపురం’లో కంటికి కనిపించేవి 5 అక్షరాలు, కోడ్‌పాయింట్లు 8, బైట్లు 24. ‘కర్నూలు’లో ఏడు కోడ్‌పాయింట్లు, 21 బైట్లు. ఊరి పేరు ఇన్ని అక్షరాలకు మించకూడదు అని నియమం పెట్టేటప్పుడు ఏ లెక్కలో అంటున్నారో తేల్చుకోండి.

వెతుకులాటలో రెండు చిక్కులు వస్తాయి. ఐత్వాన్ని రెండు రకాలుగా భద్రపరచవచ్చు: ఒకే కోడ్‌పాయింట్‌గా, లేదా రెండు ముక్కలుగా. కంటికి రెండూ ఒకటే, పోల్చితే వేర్వేరు. ‘స్ట్రింగ్ డాట్ నార్మలైజ్’కు ‘ఎన్ఎఫ్‌సీ’ ఇచ్చి, దాచే ముందూ వెతికే ముందూ ఒకే రూపానికి తెచ్చేయండి. రెండోది, పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డులు చొప్పించే కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్. ఊరి పేరులో అది చొరబడితే వెతుకులాట విఫలమవుతుంది, వెతికే మాటలోంచి దాన్ని తీసేయండి.

అకారాది క్రమంలో పేర్చాలన్నా జాగ్రత్త పడాలి. ‘ఈనమ్ డాట్ సార్ట్’ యూనికోడ్ వరుసలో పేరుస్తుంది. అందులో ళ వచ్చి ల, వ మధ్య కూర్చుంటుంది, ఱ ర పక్కన ఉంటుంది, సున్న అచ్చులకన్నా ముందు వస్తుంది. మన వర్ణమాల వరుస అది కాదు. నాలుగు యార్డుల పేర్లే కాబట్టి వరుస సంఖ్య మీరే ఇచ్చేయడం తేలిక.

వేరియబుల్ పేర్లు, ఫంక్షన్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ‘ధర’ అని తెలుగులోనే రాసి, సమాన గుర్తు పెట్టి 24000 ఇచ్చి చూడండి, పని చేస్తుంది. మాడ్యూల్ పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తెలుగు పేర్లు చాలా బాగుంటాయి. పెద్ద ప్రాజెక్టులో కీబోర్డు మార్చుకోవడమే పనైపోతుంది, అక్కడ వద్దంటాను. పేజీ లింకుల్లో కూడా తెలుగు పెట్టకండి. ఒక్కో కోడ్‌పాయింట్ శాతం గుర్తులతో తొమ్మిది క్యారెక్టర్లుగా మారుతుంది, వాట్సాప్‌లో పంపితే నాలుగు లైన్ల చిక్కుముడిగా కనిపిస్తుంది.

విండోస్ టర్మినల్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే కంగారు పడొద్దు. అది టర్మినల్ అక్షరాలు గీసే తీరులో లోపం, డేటా బాగానే ఉంటుంది. బ్రౌజర్లో సరిగ్గా వస్తుంది.

ఫీనిక్స్ మొదలు

ఫీనిక్స్ క్రిస్ మెక్‌కార్డ్ మొదలుపెట్టిన వెబ్ ఫ్రేమ్‌వర్క్, 1.0 వెర్షన్ 2015లో వచ్చింది. ‘మిక్స్ లోకల్ డాట్ హెక్స్’, తర్వాత ‘మిక్స్ ఆర్కైవ్ డాట్ ఇన్‌స్టాల్ హెక్స్ పీహెచ్ఎక్స్_న్యూ’ కొట్టండి. ఇప్పుడు ‘మిక్స్ పీహెచ్ఎక్స్ డాట్ న్యూ చీనీ’. మామూలుగా ఇది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోరుకుంటుంది. మన బోర్డుకు ‘హైఫన్ హైఫన్ డేటాబేస్ ఎస్‌క్యూలైట్3’ ఇస్తే వేరే డేటాబేస్ సర్వర్ పెట్టక్కర్లేదు, ఒక ఫైలులో అంతా ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌లో ఒకేసారి ఒక్కరే రాయగలరు, కానీ రోజుకు కొన్ని ధరలు రాసే బోర్డుకు అది అడ్డే కాదు.

‘మిక్స్ సెటప్’, తర్వాత ‘మిక్స్ పీహెచ్ఎక్స్ డాట్ సర్వర్’. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 4000 తెరవండి. 1.6 వెర్షన్ నుంచి నోడ్ జేఎస్ అవసరం పోయింది, దాంతో డౌన్‌లోడ్ భారం బాగా తగ్గింది. లినక్స్‌లో ఫైలు సేవ్ చేసినా పేజీ మారకపోతే ‘ఐనోటిఫై టూల్స్’ ప్యాకేజీ పెట్టుకోండి.

ప్రాజెక్టులో రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి. ‘చీనీ’లో ధరల నియమాలు, ‘చీనీ_వెబ్’లో పేజీలు. గరిష్ఠం కనిష్ఠం కన్నా తక్కువ ఉండకూడదు అనే తనిఖీ మొదటిదానిలో, ఎక్టో ఛేంజ్‌సెట్‌లో (దాచే ముందు డేటాను తనిఖీ చేసే చోట) ఉండాలి, పేజీలో కాదు. యార్డు, పంట, తేదీ మూడూ కలిపి డేటాబేస్‌లో యూనిక్ ఇండెక్స్ పెట్టండి. ఒకే రోజు ఒకే పంటకు రెండోసారి కొడితే కొత్త వరుస చేరకుండా పాతదే దిద్దుకోవాలి.

లైవ్‌వ్యూతో బోర్డు

జనరేటర్‌తో పేజీలు పుట్టించొచ్చు గానీ, మొదటిది చేత్తో రాయండి. లైవ్‌వ్యూ అంటే చూసే ప్రతి మనిషికీ సర్వర్‌లో ఒక ప్రాసెస్. ఐఈఎక్స్‌లో స్పాన్ చేసినలాంటిదే. అందులో నాలుగు ఫంక్షన్లు. ‘మౌంట్’ మొదట డేటా తెస్తుంది. ‘రెండర్’ పేజీ గీస్తుంది. ‘హ్యాండిల్_ఈవెంట్’ చూసేవాళ్లు నొక్కినదానికి బదులిస్తుంది. ‘హ్యాండిల్_ఇన్ఫో’ ఇతర ప్రాసెస్‌లు పంపిన మెసేజ్ అందుకుంటుంది.

‘మౌంట్’ రెండుసార్లు నడుస్తుందని గుర్తుంచుకోండి. మొదటిసారి మామూలు పేజీ పంపడానికి, రెండోసారి వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కు, సర్వర్‌కు మధ్య తెరిచే ఉండే కనెక్షన్) కలిశాక. మొదటిసారి వల్ల నిదానమైన నెట్‌లో కూడా ధరలు వెంటనే కనిపిస్తాయి. పబ్‌సబ్ అంటే ఒకరు పంపిన మెసేజ్‌ను చందా కట్టిన ప్రాసెస్‌లన్నిటికీ చేర్చేది. దానికి చందా కట్టే లైను మాత్రం ‘కనెక్టెడ్?’ అని అడిగి, అవునంటేనే నడపాలి.

ఇప్పుడు యార్డులో ధర కొట్టారనుకోండి. ‘హ్యాండిల్_ఈవెంట్’ ఆ అంకెలను చీనీ ఫోల్డరులోని ఫంక్షన్‌కు ఇస్తుంది. అది దాచి, ‘ఓకే’ జత ఇవ్వగానే పబ్‌సబ్ ‘బ్రాడ్‌కాస్ట్’ చేస్తుంది. బోర్డు తెరిచి ఉన్న ప్రతి ప్రాసెస్‌కూ ఆ మెసేజ్ చేరుతుంది. వాటి ‘హ్యాండిల్_ఇన్ఫో’ కొత్త ధరను ‘స్ట్రీమ్_ఇన్సర్ట్’తో పైన చేరుస్తుంది. ఫోన్‌కు వెళ్లేది మొత్తం పేజీ కాదు, మారిన వరుస మాత్రమే. నెలకు కొద్ది డేటాతో గడిపే రైతుకు ఇది నిజమైన మేలు. స్ట్రీమ్ (లైవ్‌వ్యూలో వరుసల జాబితా) వాడేచోట చుట్టూ ఉన్న ట్యాగ్‌కు ఒక ఐడీ, ‘పీహెచ్ఎక్స్ అప్‌డేట్’ విలువ ‘స్ట్రీమ్’ ఉండాలి, లోపలి ప్రతి వరుసకూ స్ట్రీమ్ ఇచ్చిన ఐడీ పెట్టాలి. ఈ మూడిట్లో ఒకటి తప్పినా వరుసలు కలగాపులగం అవుతాయి.

సిగ్నల్ సంగతి ఆఫీసు వైఫైలో కూర్చుంటే తెలియదు. బ్రౌజర్ కన్సోల్ తెరిచి ‘లైవ్‌సాకెట్ డాట్ ఎనేబుల్ లేటెన్సీ సిమ్’కు 1000 ఇవ్వండి (ఖాళీలు లేకుండా; సాకెట్, లేటెన్సీ, సిమ్‌ల మొదటి అక్షరం పెద్దది). ప్రతి నొక్కుకూ ఒక సెకను ఆలస్యం వస్తుంది. ఇలా పెట్టుకుని మీ బోర్డును అరగంట వాడండి. మెనూ తెరవడం, మూయడం లాంటి పనులు సర్వర్ దాకా వెళ్లడం ఎంత విసుగో తెలుస్తుంది. వాటిని లైవ్‌వ్యూ ‘జేఎస్’ ఆదేశాలతో ఫోన్‌లోనే జరిగేలా మార్చండి. ధర కొట్టే ఫారానికి ఒక ఐడీ, ‘పీహెచ్ఎక్స్ ఛేంజ్’ తప్పకుండా ఇవ్వండి. ఆ రెండూ ఉంటే మధ్యలో కనెక్షన్ తెగి తిరిగి కలిసినప్పుడు సగం కొట్టిన అంకెలు అలాగే ఉంటాయి.

నెట్ అసలే లేనిచోట రాసుకుని, తర్వాత పంపే పనికి లైవ్‌వ్యూ తగదు. అది మీ మొదటి అవసరమైతే వేరే దారి చూసుకోండి.

కనెక్షన్ తెగినప్పుడు ఇంగ్లీషులో వచ్చే సందేశాలను గెట్‌టెక్స్ట్ అనే అనువాద పనిముట్టుతో తెలుగు చేయండి. ‘మిక్స్ గెట్‌టెక్స్ట్ డాట్ ఎక్స్‌ట్రాక్ట్’, ఆపైన ‘మిక్స్ గెట్‌టెక్స్ట్ డాట్ మెర్జ్’కు తెలుగు లొకేల్ ‘టీఈ’ ఇస్తే అనువదించాల్సిన వాక్యాల ఫైలు వస్తుంది. ‘నెట్ తెగింది, మళ్లీ కలుపుతున్నాం’ అని మనం మాట్లాడేలా రాయండి.

ధర కొట్టే పేజీకి లాగిన్ కావాలి. ‘మిక్స్ పీహెచ్ఎక్స్ డాట్ జెన్ డాట్ ఆత్’ ఆ పని చాలావరకు చేసిపెడుతుంది. బటన్ కనిపించకుండా దాచడం భద్రత కాదు. సాకెట్ మీద ఎవరైనా ఏ ఈవెంటైనా పంపగలరు, కాబట్టి ‘హ్యాండిల్_ఈవెంట్’ లోపల కూడా అనుమతి చూడాలి. రైతు ఆ ధర చూసే లారీ మాట్లాడుకుంటాడు. తప్పుడు అంకె ఎవరో పెట్టగలిగితే నష్టపోయేది అతనే.

‘ఈ రోజు’ ధర ఏ రోజుది?

ఎలిక్సిర్‌కు మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఒక్కటే తెలుసు. యూటీసీలో రోజు మారేది మనకు తెల్లవారి 5:30కి. అంటే తెల్లవారుజామున 5 గంటలకు కొట్టిన ధర ‘నిన్న’టి ఖాతాలో పడుతుంది. టీజెడ్‌డేటా ప్యాకేజీ పెట్టి కాన్ఫిగ్‌లో దాన్ని టైమ్ జోన్ డేటాబేస్‌గా చెప్పి, ఆసియా కోల్‌కతా సమయం అడగండి. సమయాన్ని యూటీసీలోనే దాచి, తేదీని మాత్రం మన సమయం ప్రకారం విడిగా దాచండి. రాత్రి 11కి, తెల్లవారి 5కి, ఉదయం 6కి ఏ తేదీ రావాలో మూడు టెస్టులు రాయండి.

పడగొట్టి చూడండి

బోర్డును రెండు ట్యాబ్‌లలో తెరవండి. ఒక బటన్ పెట్టి, దాని ఈవెంట్‌కు కావాలనే ఏ ఫంక్షన్ రాయకండి. మొదటి ట్యాబ్‌లో ఆ బటన్ నొక్కితే ఆ ప్రాసెస్ కూలిపోతుంది, టర్మినల్‌లో ఎర్రర్ పడుతుంది, కొద్ది క్షణాల్లో ఆ పేజీ తనంతట తానే మళ్లీ కలుస్తుంది. రెండో ట్యాబ్‌కు ఏమీ తెలియదు.

సర్వర్‌ను ఐఈఎక్స్‌తో నడిపి, ‘ప్రాసెస్ డాట్ వేరిజ్’తో డేటాబేస్ రెపో ప్రాసెస్‌ను పట్టుకుని, ‘ప్రాసెస్ డాట్ ఎగ్జిట్’కు ‘కిల్’ ఇవ్వండి. సూపర్‌వైజర్ (మిగతా ప్రాసెస్‌లను కనిపెట్టి ఉండే ప్రాసెస్) వెంటనే కొత్తది పుట్టిస్తుంది. ఐదు సెకన్లలో మూడు పునఃప్రారంభాలు దాటితే సూపర్‌వైజర్ ఇక తన వల్ల కాదని ఆగిపోతుంది, దాంతో అప్లికేషన్ ఆగుతుంది. ఆ హద్దు తెలిసి ఉంటే అసలు సర్వర్ పడిపోయిన రోజు లాగ్‌లో ఏం వెతకాలో తెలుస్తుంది. డెవలప్‌మెంట్‌లో ‘డెవ్ స్లాష్ డాష్‌బోర్డ్’ తెరిస్తే మెమరీ, ప్రాసెస్‌లు అన్నీ బ్రౌజర్లోనే కనిపిస్తాయి.

సర్వర్‌కు ఎక్కించడం

లైవ్‌వ్యూలో ప్రతి నొక్కూ సర్వర్ దాకా వెళ్లి వస్తుంది, కాబట్టి సర్వర్ దగ్గరగా ఉండాలి. అమెజాన్ క్లౌడ్‌కు ముంబైతో పాటు 2022 నుంచి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. అమెరికాలో చవకగా దొరికే సర్వర్ ఈ పనికి వద్దు.

సర్వర్‌లో నడపడానికి సిద్ధంగా కట్టిన మూటను రిలీజ్ అంటారు. ‘మిక్స్ పీహెచ్ఎక్స్ డాట్ జెన్ డాట్ రిలీజ్’ ఒకసారి నడపండి. ‘మిక్స్_ఎన్వ్’ను ‘ప్రాడ్’ చేసి ‘మిక్స్ అసెట్స్ డాట్ డిప్లాయ్’, ‘మిక్స్ రిలీజ్’ వరుసగా కొట్టండి. వచ్చే ఫోల్డరులో ఎర్లాంగ్‌తో సహా అన్నీ ఉంటాయి, సర్వర్‌లో వేరే ఏమీ పెట్టక్కర్లేదు. రిలీజ్ కట్టిన యంత్రం, నడిపే యంత్రం ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే రకం ప్రాసెసర్ అయి ఉండాలి. 1 జీబీ ర్యామ్ సర్వర్ మీదే కంపైల్ చేస్తే మెమరీ చాలక మధ్యలో ఆగిపోవచ్చు, ల్యాప్‌టాప్‌లో కట్టి పంపండి. రిలీజ్‌లో మిక్స్ ఉండదు, డేటాబేస్ మార్పులకు ‘బిన్’ ఫోల్డరులోని ‘మైగ్రేట్’ నడపాలి.

పేజీ వస్తుంది గానీ ‘మళ్లీ కలుపుతున్నాం’ అని ఆగకుండా చూపిస్తుందా? చాలాసార్లు కారణం రెండింటిలో ఒకటి. ‘పీహెచ్ఎక్స్_హోస్ట్’లో డొమైన్ పేరు తప్పుంటే ఫీనిక్స్ సాకెట్‌ను తిరస్కరిస్తుంది. లేదా ఫీనిక్స్‌కు ముందు పెట్టిన ఇంజన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో వెబ్‌సాకెట్‌కు కావాల్సిన ‘అప్‌గ్రేడ్’ హెడర్లు పంపడం లేదు. ముందు మొదటిది చూడండి.

డేటాబేస్ ఫైలును రిలీజ్ ఫోల్డరు బయట పెట్టి, ఆ దారిని ‘డేటాబేస్_పాత్’లో ఇవ్వండి. లోపల పెడితే కొత్త రిలీజ్ ఎక్కించినప్పుడు పాత ధరలన్నీ పోతాయి. సర్వర్ నడుస్తుండగా ఆ ఫైలును ఊరికే కాపీ చేస్తే బ్యాకప్ కాదు, ఎందుకంటే కొత్తగా రాసినవి కొంతసేపు పక్కనున్న వాల్ ఫైలులో ఉంటాయి. ఎస్‌క్యూలైట్ ఇచ్చే ‘బ్యాకప్’ ఆదేశాన్ని రోజూ రాత్రి క్రాన్‌తో (చెప్పిన వేళకు ఆదేశం నడిపే లినక్స్ పనిముట్టు) నడిపి, ఆ ఫైలును వేరే యంత్రానికి పంపండి. వారానికోసారి ఆ బ్యాకప్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచి, నిన్నటి చీనీ గరిష్ఠ ధర అందులో ఉందో లేదో చూసుకోండి.